చిన్న పందెము, పెక్కు బల్లలు



పేకముక్క చేతితో ముట్టకయే పేకాడు కాలము వచ్చినది. ఫోనులోనో కంప్యూటరులోనో ఆట తెరచుకొని, ముఖమెరుగని ఐదుగురితో ఒక బల్లయొద్ద కూర్చున్నట్లు కూర్చుండి, అదే సమయమున మరి మూడు బల్లలయొద్దను అట్లే కూర్చుండి, నాలుగుచోట్ల నాలుగు పందెములు ఒక్కడే యొడ్డు విద్య గత పాతికేండ్లలో లోకమెల్ల వ్యాపించినది. ఆ యాట పేరు పోకరు. నాలుగు బల్లలతో తృప్తిపడక ఎనిమిదియు, పండ్రెండును, ఇరువదినాలుగును తెరచువారు గలరు. పందెము మాత్రము చిన్నది: ఒక రూపాయి, రెండు రూపాయలు. మన వికారాబాదు, తాండూరు ప్రాంతముల యువకులు కొందరు పట్నమునకు చదువులకై పోయి ఈ సంగతి నేర్చివచ్చి, పెద్దలడిగినప్పుడు రెండు సమాధానములు చెప్పుచుందురు. "తాతా, పందెము రెండు రూపాయలే గదా" యనునది మొదటిది. "ఇది జూదము కాదు, తెలివితో గెలుచు ఆట" యనునది రెండవది.

ఈ రెండు మాటలును పూర్తిగా అబద్ధములు కావు. అందుచేతనే వానిని విచారింపవలసియున్నది. అబద్ధమైనచో గదమాయించి ఊరకుండవచ్చును. సగము నిజమైనదానికి లెక్క చెప్పవలెను. ఆ లెక్క మనకు క్రొత్తది కాదనియు, దానికి గావలసిన గణితమును ధర్మశాస్త్రమును కొంతవరకు మన కాగ్నానది యొడ్డుననే, మన ఇరుగుపొరుగుననే వెలసినవనియు చూపుట నా యుద్దేశము.

పోకరు పుట్టినది అమెరికాదేశమున, మిసిసిపీనదిపై నున్న న్యూ ఆర్లియన్సు పట్టణప్రాంతమున, 19వ శతాబ్ది తొలిదశకములలో. ఆ నదిపై తిరుగు ఆవిరిపడవలలో వర్తకులును మోసగాండ్రును ఆడుచు దానిని దేశమెల్ల వ్యాపింపజేసిరి. ఇప్పుడు మిక్కిలి ప్రచారముగలది టెక్సాసు రాష్ట్రపు పేరుగల పద్ధతి. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుదురు. నడుమ ఐదు ముక్కలు, మొదట మూడు, పిమ్మట ఒకటి, తుదకొకటి, అందరకు కనబడునట్లు పరతురు. ఈ ఏడింటిలో మేలైన ఐదు ఎవరికి గూడునో వారిది గెలుపు. నడుమ నాలుగుమారులు పందెము పెంచవచ్చును. భరింపలేనివాడు ముక్కలు పారవేయవచ్చును. మంచిముక్కలు లేకున్నను ధైర్యముతో పందెము పెంచి, ఎదుటివారిచేత పారవేయించి గెలుచుటయు గలదు. కావున యువకులు చెప్పు రెండవమాటలో నిజమున్నది. ఇందు తెలివికి చోటు గలదు.

ముక్కల ప్రస్తావన వచ్చినది గనుక ఒక చిన్నమాట. మనవారు కళావరు, ఆఠీను అనుచుందురు. డచ్చిభాషలో ఆ రెండు రంగులకు క్లావెర్, హార్టెన్ అని పేర్లు. 17వ శతాబ్దిలో మచిలీపట్నమున డచ్చివారి వర్తకశాల యుండెను. ఏ నావికుడు ఏ దుబాసికి ఆట నేర్పెనో గాని, ఆ చుట్టరికము చెవికి స్పష్టముగా వినబడుచున్నది. అంతకు ముందే తురుష్కప్రభువుల కొలువులలో గంజీఫా యను పేకాట యుండెను. బాబరు 1527లో ఆ ముక్కలను సింధుదేశపు ప్రభువునకు పంపినట్లు తన చరిత్రలో వ్రాసికొనెను. పేకాట మనకు పరదేశపుదే. జూదము మాత్రము కాదు. ఋగ్వేదము పదవమండలమున ఒక సూక్తమంతయు జూదరి దుఃఖమే.

ఇక కంప్యూటరు సంగతి. 1998 జనవరి 1వ తేదీన ప్లానెట్ పోకరు అను కంపెనీవారు మొదటిసారి నిజమైన ధనముతో ఈ యాటను అంతర్జాలమున నడపిరి. 2003లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రపు లెక్కలగుమాస్తా యొకడు, నూరు డాలర్లకు లోబడిన రుసుముతో ఇంట కూర్చుండి ఆడిన పోటీద్వారా లాస్ వేగాసులోని మహాపోటీకి అర్హుడై, అక్కడ 25 లక్షల డాలర్లు గెలిచెను. ఆయన పేరు క్రిస్ మనీమేకరు. ఆ యింటిపేరునకు 'ధనము చేయువాడు' అని యర్థము. అది కల్పితము కాదు, పుట్టుకతో వచ్చినదే. ఆ వార్త విన్న దేశదేశముల పడుచువారు లక్షలుగా ఆ బల్లలకు మూగిరి.

బల్లలు పెంచుట ఎందులకు? దీనిని తెలిసికొననిదే మిగిలినది తెలియదు. నలుగురు కూడి చావడిలో ఆడునప్పుడు ముక్కలు కలుపవలెను, కోయవలెను, పంచవలెను, పందెములు లెక్కించుకొనవలెను. నడుమ చాయ త్రాగుదురు, చుట్ట కాల్తురు, ఒకనినొకడు ఎత్తిపొడుచుకొందురు. పోకరుగృహములలో పనివాడు చకచక పంచినను గంటకు ఇరువదియైదు, ముప్పది ఆటలకు మించవు. యంత్రమునకు ఈ జాప్యములేవియు లేవు. ఆరుగురి బల్లయొద్ద గంటకు డెబ్బది ఆటలు సాగును. అట్టి బల్లలు నాలుగైనచో 280. చావడిలో దినమంతయు ఆడిన ఆట యంత్రమున ఒక్కగంటలో నైపోవును.

ఇది ఎట్టి వ్యత్యాసమో గణితమున చూతము. కాగ్నానది మన అనంతగిరి కొండలవైపున పుట్టి, తాండూరు ప్రక్కగా పారి, కర్ణాటకమున ప్రవేశించి భీమానదిలో కలియును. ఆ నది యొడ్డుననే మాల్ఖేడు గలదు. తాండూరునుండి వాడీవైపు పోవు రైలులో ఆ పేరుగల స్టేషను మీరు చూచియేయుందురు. నేడది చిన్న యూరు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము. అచట రాజ్యమేలిన అమోఘవర్షనృపతుంగుని కొనియాడుచు, సుమారు క్రీ.శ. 850లో మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమను గ్రంథము రచించెను. పావులూరి మల్లన దానిని తెనిగించెను. కొన్ని వస్తువులనుండి ఇన్నేసి చొప్పున ఎన్నివిధముల ఏరుకొనవచ్చునో చెప్పు సాధారణసూత్రము ఆ గ్రంథమున గలదు. షడ్రుచులను ఉదాహరణముగా నిచ్చినాడు. ఆరు రుచులలో రెండేసి కలుపుటకు పదునైదు విధములు, మూడేసి కలుపుటకు ఇరువది విధములు. నేను పాఠశాలలో ఈ లెక్కను ఉగాదిపచ్చడితో చెప్పెడివాడను. పిల్లలకు మరపు రాదు.

ఆ సూత్రమునే పేకకు తగిలింపుడు. 52 ముక్కలలో ఐదేసి ఏరుటకు, 52, 51, 50, 49, 48 అను అంకెలను గుణించి, ఒకటి మొదలు ఐదువరకు గుణించిన 120చే భాగింపవలెను. వచ్చునది 25,98,960. చేతికి వచ్చు రెండేసి ముక్కల విధములు 1,326. అందు రెండును ఆసులే యగుట ఆరువిధములే. అనగా 221 పంపకములకొకసారి జత ఆసులు చేతబడునని సగటు. చావడిలో గంటకు ముప్పదియాటల లెక్కన ఆ భాగ్యమునకు ఏడుగంటలకు పైగా వేచియుండవలెను. నాలుగు బల్లలవానికి ముప్పావుగంటకు రెండు నిముషములు మించదు. వేచియుండుట యను బాధ తొలగినది. నా యభిప్రాయమున ఈ విద్య యొక్క ఆకర్షణ యంతయు ఇందే యున్నది. మంచిముక్కకై ఓర్మితో కూర్చుండుట, విసిగి లేచిపోవుట, పొలమునకు వేళయైనదని జ్ఞప్తికి వచ్చుట, ఇవి పూర్వము ఆటకు కంచెలు. కంచె తీసివేసిన పిమ్మట మేత ఎంత యన్నది పశువు కడుపునుబట్టి యుండును గాని గడ్డిపోచ పొడవునుబట్టి యుండదు. మన తాండూరు కందిరైతు వానకాలమున విత్తి సంక్రాంతి దాపున కోయును. వానదేవునితో అతడాడునది ఏడాదికి ఒక్క పంపకమే. ఓడినను ఆలోచించుకొనుటకు ఆరునెలలు చిక్కును.

తెలివి మాటకు వత్తము. జూదమున తెలివి గలదని మన పెద్దలు ఎరుగనివారు కారు. భారతము అరణ్యపర్వమున నలోపాఖ్యానము చూడుడు. నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణమహారాజునకు రథము తోలుచు విదర్భకు పోవుచుండగా, మార్గమున తాండ్రచెట్టు కనబడెను. ఆ చెట్టు కాయలే పూర్వకాలమున పాచికలు. ఋతుపర్ణుడు రథమున కూర్చుండియే, రెండు కొమ్మలనున్న ఆకులు ఐదుకోట్లు, కాయలు 2,095 అని చెప్పెను. నలుడు నమ్మక చెట్టు కొట్టి లెక్కించెను, సరిపోయెను. ఈ లెక్కింపు విద్యయు అక్షహృదయమును ఋతుపర్ణునికి కలిసియే యుండెను. అశ్వహృదయము నలుడు చెప్పి, అక్షహృదయమును తాను గ్రహించెను. కొన్ని కాయలు చూచి మొత్తము ఊహించుటకును జూదమునకును చుట్టరికమున్నదని వ్యాసునికి తెలియును. పాశ్చాత్యపండితులు ఈ కథను సంభావ్యతాగణితపు చరిత్రలో ప్రస్తావించుచున్నారు.

అయితే ఆ కథలో నేను తరచు తలచునది వేరు. నలుడు రాజ్యము పోగొట్టుకొన్నది ఒక్కయాటలో కాదు. నెలల తరబడి ఆడెను. మంత్రులు, పౌరులు ద్వారమున నిలిచి పిలిచినను వినక, ఆట వెంట ఆట ఆడి, క్రమక్రమముగా ఓడెను. విద్య నేర్చి వచ్చిన పిమ్మట పుష్కరునితో ఎన్నియాటలాడెను? ఒక్కటే. ఒక్క పణమున గెలిచి, పాచికలు విడిచి, రాజ్యము నేలుకొనెను. విద్య తెలిసినవాడు తక్కువ ఆడెను. నేటి పెక్కుబల్లల విద్య యిందుకు సరిగా తలక్రిందు. విద్య యున్నదన్న నమ్మకమే ఎక్కువ ఆడించుచున్నది.

వారి తర్కమును గూడ న్యాయముగా వినవలెను. నిపుణునకు నూరు ఆటలకు పది రూపాయలు సగటున మిగులుననుకొందము. ఒక్కబల్లపై గంటకు ఏడు రూపాయలే. నాలుగు బల్లలైన 28. కావున బల్లలు పెంచుట గెలుచువానికి తెలివితక్కువ కాదు. కాని బల్లలు పెరిగినకొలది ఎదుటివాని తీరు గమనించుటకు వ్యవధి లేదు. మ్రోగిన బల్లవైపు తిరిగి, కొన్ని సెకనులలో, ముందే కంఠస్థము చేసిన నియమము ప్రకారము ముక్కలు పారవేయుటయో పందెము పెంచుటయో చేయవలెను. తెలివి కలదన్న ఆటలో తెలివికే చోటు తగ్గుచు వచ్చును. తాండూరు బండలపనివాడు ఒక్కొక్క బండను తట్టి, దాని పొర ఎటు చీలునో చెవితో తెలిసికొనును. నాలుగు బండలు ఒక్కసారి తట్టుమన్నచో సుత్తి తిరుగును గాని చెవి పని చేయదు.

ఇక్కడ సభికుని మాట రావలెను. ద్యూతము నడపువానికి మన శాస్త్రకారులు పెట్టిన పేరు సభికుడు. మనువు జూదమును పూర్తిగా నిషేధించి, రాజు దానిని రాజ్యమునుండి వెడలగొట్టవలెనని చెప్పెను. పాచికలవంటి ప్రాణములేని వానితో ఆడినది ద్యూతము, కోళ్లు పొట్టేళ్లు మున్నగు ప్రాణులతో ఆడినది సమాహ్వయము; రెండును ఆయనకు సమానదోషములే. కౌటిల్యుడు, యాజ్ఞవల్క్యుడు వేరుమార్గము త్రొక్కిరి. ద్యూతము ఏకముఖముగా, అనగా ఒక్కచోటనే, నియమితుడైన అధికారి కనుసన్నలలో జరుగవలెననిరి. దొంగలు తెలియుటకిది యుపాయమని కారణము గూడ చెప్పిరి. మరియొకచోట ఆడినవానికి కౌటిల్యుడు పండ్రెండు పణముల దండము విధించెను. గెలిచిన ధనమున నూటికి ఐదు అధ్యక్షుడు తీసికొనవలెనని ఆయన లెక్క. పాచికల అద్దె, నీరు, స్థలము ఖర్చులు వేరు.

యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు మన పొరుగువాడే. వికారాబాదునుండి బీదరుకు పోవు రైలెక్కి, అటనుండి పడమరగా పోయిన బసవకళ్యాణము వచ్చును. 1076 మొదలు 1126వరకు ఏలిన చాళుక్య విక్రమాదిత్యుని రాజధాని యగు కళ్యాణమదియే. అచట పుట్టిన ఆ గ్రంథము దేశమున అధికభాగమునకు దాయభాగములలో ప్రమాణమై నిలిచెను. 13వ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగుపద్యములలో వ్రాసెను. ఆ స్మృతి ప్రకారము, నూరును అంతకు మించియు గెలిచినవానియొద్ద సభికుడు నూటికి ఐదు తీసికొనవలెను. తక్కువ గెలిచినవానియొద్ద నూటికి పది. గమనింపుడు, చిన్నపందెమువానికే పెద్దవంతు. ఆ భాగమునకు ప్రతిగా సభికుడు గెలిచినవానికి సొమ్ము రాబట్టి యీయవలెను, సత్యవాదియై, ఓర్పుగలవాడై యుండవలెను, రాజునకు ఒప్పుకొన్న వంతు చెల్లింపవలెను.

ఇప్పటి పోకరుకంపెనీల సభికభాగమెంత? సాధారణముగా నూటికి ఐదు. కొన్నిచోట్ల కొంచెము తక్కువ. రెండువేల యేండ్లలో ఆ యంకె కదలలేదనుట వింతగా నున్నది. అంతియేకాదు. పెద్దపందెముల బల్లలయొద్ద ఆ భాగమునకు ఇంతకు మించరాదను హద్దుండును గనుక, నూటికి రెండో ఒకటో యగును. చిన్నబల్లలలో ఆ హద్దు తగులదు. నూటికి ఐదును పూర్తిగా పోవును. స్మృతికారుడు చెప్పినట్లే చిన్నవాడే ఎక్కువ యిచ్చుచున్నాడు.

ఒక లెక్క వేయుదము. అంకెలు నేను ఉదాహరణకు తీసికొన్నవి. ఆరుగురి బల్లపై ఒక్కొక్కయాటకు సగటున 18 రూపాయలు పోగుపడుననుకొనుడు. నూటికి ఐదు చొప్పున సభికునికి 90 పైసలు. తలకు 15 పైసలు. చావడివేగమున, గంటకు ముప్పది ఆటలకు, ఒక్కొక్కనికి నాలుగున్నర రూపాయలు పోవును; దానిని చాయఖర్చు అనుకొనవచ్చును. నాలుగు బల్లలపై గంటకు 280 ఆటలైన 42 రూపాయలు. దినమునకు ఐదుగంటలాడిన 210. నెలకు 6,300 రూపాయలు. ఇది ఓడిన సొమ్ము కాదు; గెలుపోటములు సరిసమానముగా వచ్చినవాడు ఊరక కూర్చున్నందులకు ఇచ్చుకొన్నది. "రెండు రూపాయల పందెమే గదా తాతా" అన్న మొదటిమాటకు ఇది జవాబు. పందెమెంత అని అడుగరాదు. గంటకెన్ని పందెములు అని అడుగవలెను.

పోనీ, పైన చెప్పిన నిపుణుడు సభికభాగము పోగా గంటకు 28 రూపాయలు మిగుల్చుకొన్నాడని యొప్పుకొందము. ఎనిమిదిగంటలకు 224 రూపాయలు. 2025 ఏప్రిలునుండి ఆ సంవత్సరమునకు మన రాష్ట్రమున ఉపాధిహామీ కూలి దినమునకు 307 రూపాయలుగా నిర్ణయింపబడెను. కాలువ త్రవ్వినవాడు ఆ గెలిచిన నిపుణునికంటె ఎనుబదిమూడు రూపాయలు ఎక్కువ తెచ్చుకొనెను. అందరును నిపుణులు కాజాలరు గూడ. ఆటగాండ్రందరి లాభనష్టములు కూడినచో, సభికుడు తీసికొన్నంత మేర మొత్తము ఎల్లప్పుడు నష్టమే. ఒకడు మిగుల్చుకొనవలెనన్న తక్కినవారు తమ వంతునకు మించి పోగొట్టుకొనవలెను.

లోకమున ఈ విద్యలో ప్రసిద్ధుడు అమెరికాకు చెందిన రాండీ లూ అనునాతడు. 2012 జనవరిలో, బహామాద్వీపములలో, పలువురి యెదుట, ఎనిమిది గంటలలో ఎన్నియాటలాడవచ్చునో చూపి గిన్నిసువారి పుస్తకమున కెక్కెను. ఆడినవి 23,493 ఆటలు. నిముషమునకు దాదాపు 49. తుదకు నష్టపోరాదన్నది ఆ పరీక్షకు నియమము. ఆయన నష్టపోలేదు. ఎనిమిదిగంటల పిమ్మట మిగిలినది ఏడు డాలర్ల అరువదియైదు సెంట్లు. నాటి మన ధనమున సుమారు నాలుగువందల రూపాయలు. ఆయన నేర్పును నేను తక్కువచేయుట లేదు. ఆ వేగమున నష్టపోకుండుటయే గొప్ప. ఆ 23,493 ఆటలలో సభికభాగము ఎంత పోయియుండునో ఎవరికి వారు ఊహించుకొనవచ్చును.

సభికుడు ఎట్లు ఎన్నడు నోడడో మహావీరాచార్యుడే ఒక లెక్కలో చూపినాడు. మాన్యఖేటకాలపు ఆ పుస్తకమున కోడిపందెము గలదు. మంత్రతంత్రములు తెలిసిన యొకడు పందెమునకు వచ్చి, మొదటికోడి యజమానుని ప్రక్కకు పిలిచి, నీ కోడి గెలిచిన పందెపుసొమ్ము నాకిమ్ము, ఓడిన ఆ సొమ్ములో మూడింట రెండువంతులు నేనే నీకిత్తునని మాట యిచ్చినాడు. రెండవవానియొద్దకు పోయి అట్లే, ఓడినచో నాలుగింట మూడువంతులిత్తునన్నాడు. ఎవరు గెలిచినను తనకు పండ్రెండు బంగారునాణెములు మిగులవలెను. పందెములెంతెంత? మొదటివానిది 42, రెండవవానిది 40. మొదటికోడి గెలిచిన 42 వచ్చును, రెండవవానికి 40లో ముప్పాతిక, ముప్పది యిచ్చివేయును, మిగులు 12. రెండవకోడి గెలిచిన 40 వచ్చును, మొదటివానికి 42లో మూడింట రెండువంతులు, 28 ఇచ్చివేయును, మిగులు 12. వాడు కోళ్లవైపు చూడనైనను అక్కరలేదు. మంత్రములు తెలిసినవాడని ఆచార్యుడు వర్ణించుటలో చమత్కారమున్నది. వాని మంత్రమంతయు ఈ భిన్నములే.

ఇప్పుడు చట్టముల చరిత్ర. తాండూరు తాలూకా 1956 నవంబరువరకు గుల్బర్గాజిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనమున గుల్బర్గా మైసూరునకు పోవగా, తాండూరు, కొడంగల్ తాలూకాలు మాత్రము తెలుగుదేశమున నిలిచినవి. అంతవరకు సేడమునకును తాండూరునకును ఒకే సర్కారు, ఒకే జూదపు చట్టము: నిజాము ప్రభుత్వపు 1305 ఫసలీ, అనగా 1895–96 నాటి శాసనము. జూదపుటిల్లు నడుపుట నేరము. కేవలము నేర్పుతో గెలుచు ఆటకు ఆ శాసనము వర్తింపదు. కౌటిల్యుని ఏకముఖము పోయి, తెలివియా యదృష్టమా యను ప్రశ్న వచ్చినది.

ఆ ప్రశ్నకు భారతదేశమంతటికి జవాబు వెలువడినది మన సికిందరాబాదు వ్యాజ్యమునుండియే. అచటి క్రెసెంటు క్లబ్బులో పందెమునకు రమ్మీ ఆడినవారిపై ఆ 1305 ఫసలీ చట్టము క్రింద నడచిన అభియోగము సుప్రీముకోర్టువరకు పోయెను. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదాయతుల్లా తీర్పు చెప్పుచు, మూడుముక్కలాట కేవలము అదృష్టముపై నడచునది, రమ్మీయందు పడిన ముక్కలు జ్ఞాపకముంచుకొనుట, ఉంచుకొనుటకును పారవేయుటకును ఎంచుకొనుట యుండుటచే అది ముఖ్యముగా నేర్పుగల ఆట యని నిర్ణయించెను. ఆ తీర్పులో మరియొక మాట గలదు. దానిని మనవారు అంతగా తలపరు. ఆట నడపువాడు ఆ పందెములనుండి లాభము తీయుచున్నచో అది నేరము కావచ్చునని. కోర్టువారు సభికుని మరువలేదు.

1974లో ఆంధ్రప్రదేశమునకు క్రొత్త గేమింగుచట్టము వచ్చినను నేర్పుటాటల మినహాయింపు నిలిచెను. పోకరు నేర్పుటాటయా కాదా యన్నదానిపై దేశమున ఏకాభిప్రాయము కుదరలేదు. పశ్చిమబంగాళపు 1957 నాటి చట్టము పోకరును జూదమునుండి పేరుపెట్టి మినహాయించెను; గుజరాతు హైకోర్టు 2017లో అది జూదమే యనెను. అదే 2017లో తెలంగాణప్రభుత్వము జూన్, జూలై నెలలలో ఆర్డినెన్సులు తెచ్చి, పిమ్మట చట్టముచేసి, నేర్పుటాటయైనను పందెమున్నచో జూదమేయనియు, అంతర్జాలము గూడ జూదపుటింటి క్రిందికి వచ్చుననియు శాసించెను. ఆంధ్రప్రదేశము 2020 సెప్టెంబరులో అట్లే చేసెను. కర్ణాటకము 2021 అక్టోబరులో చేయగా, 2022 ఫిబ్రవరి 14న అచటి హైకోర్టు దానిని కొట్టివేసెను.

ఇట్లు కొంతకాలము విచిత్రస్థితి యేర్పడెను. తాండూరున కూర్చున్నవానికి నేరమైనది, రైలెక్కి కొద్దిదూరము పోయి సేడమున దిగినవానికి నేరము కాదు. 1956లో గీచిన భాషారాష్ట్రపు గీత ఫోనులోని ఆటకు హద్దయినది. ఏకముఖమన్న యాజ్ఞవల్క్యుని మాటకు దీనికంటె దూరమైన స్థితి యుండదు. ఆడువాడొకచోట, బల్ల యొకచోట, సభికుడు వేరొకచోట; ఒక్కొక్కనికి నాలుగేసి ముఖములు. అనంతగిరి చుట్టుపట్ల తోటయిండ్లలో పేకాటరాయుళ్లను పోలీసులు పట్టుకొన్న వార్తలు పత్రికలలో చదువుచుందుము. వారికి కనీసము ఒక తలుపున్నది, తట్టవచ్చును. పడుకటింట దుప్పటిక్రింద వెలుగు ఫోనునకు ఏ తలుపున్నది?

కేంద్రప్రభుత్వము మొదట కౌటిల్యునివలె పన్ను త్రోవ పట్టెను. 2023 ఏప్రిలునుండి నికరమైన గెలుపుపై నూటికి ముప్పది కోసియుంచుకొనుటయు, అక్టోబరునుండి ఆటకు చెల్లించిన సొమ్ముపై నూటికి ఇరువదియెనిమిది పన్నును వచ్చినవి. సభికభాగము నూటికి ఐదే పెక్కుబల్లలవానిని క్రుంగదీయుచుండగా ఇవియు తోడైనవి. రెండేండ్లు తిరుగకమునుపే మనుమార్గము గెలిచెను. 2025 ఆగస్టు 20న లోకసభయు, 21న రాజ్యసభయు ఆమోదింపగా, 22న రాష్ట్రపతి సంతకముతో ఆన్‌లైను గేమింగుచట్టము వెలువడెను. తెలివియా యదృష్టమా యను నూటముప్పదియేండ్ల ప్రశ్నను అది ప్రక్కకు నెట్టి, ధనము పెట్టి ధనము కోరు ఆటను అంతర్జాలమున నడుపరాదనెను. నడపినవానికి మూడేండ్లవరకు చెర, కోటి రూపాయలవరకు జుల్మానా. ఆడినవానికి శిక్ష లేదు. వానిని నష్టపోయినవానిగానే ఆ చట్టము చూచెను. కోళ్లవానిని విడిచి భిన్నముల మంత్రగాని చేయి పట్టుకొన్నట్లయినది. నా కిది సమంజసముగనే తోచుచున్నది. నేర్పు నిజముగా గల కొలదిమందికి అన్యాయము జరిగినదన్న వాదమును విన్నాను. ఆ నేర్పు జీతము దినమునకు ఎంతో పైన లెక్కించితిమి.

ఆ నెలలోనే మన దేశపు కంపెనీలు ధనముతో నాడు పోకరు, రమ్మీ బల్లలు మూసివేసినవి. పరదేశములనుండి నడచు బల్లలు మిగిలినవి. అచట గెలిచినవానికి సొమ్ము రాబట్టి యిచ్చు పూచీ ఎవరిదో తెలియదు; సభికుడు ఏ ద్వీపమున నున్నాడో తాండూరు ఠాణావారికి తెలియదు; సత్యవాదియై ఓర్పుగలవాడై యుండవలెనని వానికి చెప్పిన స్మృతియు లేదు. బల్లలు మాత్రము అచటను నాలుగేసి తెరచుకొనవచ్చును.